తాడు పట్టుకున్నవాడు

ఆ క్వారీ గుంట వైపు చీకటి పడ్డాక ఎవరూ పోరు. పగలైనా పనుంటేనే పోతారు. పోయినవాళ్లు పని చూసుకుని తిరిగొస్తారు తప్ప ఒడ్డున కూర్చుని కబుర్లు చెప్పుకోరు.

రాయి తవ్వడం ఆపేసి చాలా ఏళ్లయింది. నీళ్లు తోడే మోటార్లు ఆపిన రోజు నుంచి ఊట పైకి రావడం మొదలై, లారీలు దిగిన దారినీ, పగలగొట్టి వదిలేసిన బండల్నీ, అడుగున కట్టిన మోటారు గదినీ మింగేసింది. చుట్టూ నిట్టనిలువు రాతి గోడలు. పైన చెట్లు ఊగుతున్నా కింద ఆకు కదలదు. అక్కడ దగ్గితే, మనం దగ్గడం అయిపోయాక కూడా ఎవరో దగ్గుతూనే ఉంటారు.

అందులో ఒకడున్నాడని చెప్పుకునేవారు. మోటారు గదిలో ఇనుము కోసం దిగి పైకి రాని మనిషి. ఎవరో, ఎక్కడివాడో తెలీదు. ఈతగాళ్లొచ్చి వెతికి, దొరకలేదని చేతులెత్తేశారు. ఆ తర్వాత దిగినవాళ్లకి నీళ్లలో మాట వినిపించేదట. పీక పట్టుకోడట, కాలు లాగడట. ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు, మెల్లగా — "కూర్చో..." అంటాడట.

ఆ మర్యాదే నాకు నచ్చేది కాదు. కాలు లాగేవాడితోనైనా పెనుగులాడొచ్చు.

నేను సీటు కవర్లు కుట్టేవాణ్ణి. నా కొట్టుకీ, పక్కన వెల్డరు షెడ్డుకీ మధ్య అడ్డం ఒక్క రేకే. అందుకని ఇందులో కొంత నేను కళ్లారా చూసింది, కొంత వెల్డరు చెప్పింది, మిగిలింది అతని భార్య చెప్పింది. ఎవరు చెప్పింది వాళ్లు చెప్పినట్టే చెప్తాను.

వెల్డరు గేట్లు చేస్తాడు. చేసిన గేటుకి కంప్రెసర్ పెట్టి రంగు కూడా తనే కొడతాడు. పనిమంతుడే. కానీ ఏది చూసినా "ఇదెంత, నేను చేసేస్తా" అనడం అతని జబ్బు. ఒకరోజు ఫోన్లో ఎవడో నోట్లో పైపు పెట్టుకుని నీటి అడుగున బాసింపట్టు వేసుకుని కూర్చోవడం చూశాడు. ఇక ఆ రోజు నుంచి ఆ మోటారు గదిలో మిగిలిపోయిన ఇత్తడి పంపు తన కోసమే ఎదురుచూస్తోందని తీర్మానించేసుకున్నాడు.

మొదట పొడుగాటి పైపు ఒకటి తెచ్చి ఇంటి నీళ్లతొట్టిలో మునిగాడు. ఒక కొసని గాల్లో కట్టి, ఇంకో కొస నోట్లో పెట్టుకున్నాడు. తొట్టి అడుక్కి చేరాక ఊపిరి లోపలికి రాలేదట.

"రొమ్ము మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుందిరా బాబూ," అన్నాడు తల తుడుచుకుంటూ.

"నీళ్లకి బరువుంటుంది. ఇప్పటికైనా మానెయ్," అన్నాను.

"మానడమెందుకు? గాలిని మనమే తోస్తే సరి."

తోసేది ఏమిటంటే, ఆ రంగు కొట్టే కంప్రెసరే. దానికి పెట్రోలు ఇంజను. దాన్నుంచి తోటకి నీళ్లు పట్టే ఆకుపచ్చ పైపు. ఆ పైపు కొసన పాత వెల్డింగు ముసుగుని కోసి, లారీ ట్యూబు రబ్బరు అంటించి చేసిన మాస్కు. నీళ్లలో తేలిపోకుండా నడుముకి ఇనుప ముక్కలు నింపుకునే రెక్సిన్ బెల్టు కావాలన్నాడు. అది నేనే కుట్టాను. ముడి వేసుకుంటానంటే వినకుండా, కొట్టులో పడున్న కారు బెల్టు బకిలు పెట్టి మరీ కుట్టాను.

"నీళ్ల కింద పనిచేసేవాళ్లకి వేరే యంత్రాలుంటాయట. గాలిని వడకట్టి ఇస్తాయట. వాళ్లకి తర్ఫీదు కూడా ఉంటుంది," అన్నాను.

"గాలి గాలే కదా."

"ఇంజను ఆగిపోతే?"

"నీ నోరు ఆగితే చాలు నాకు," అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వేశాను.

పగలు దిగితే ఎవరో ఒకరు చూసి అడ్డం పడతారని, దీపాలు పెట్టే వేళకి బయల్దేరాడు. ఎవరింట్లోనో గేటు బిగించాలని భార్యతో చెప్పాడు. గేట్లు చేసేవాడు ఆ మాటంటే అనుమానించేదేముంది? తోడుగా ఆమె తమ్ముణ్ణి పిలుచుకెళ్లాడు. ఆ బావమరిది ఆటో నడుపుతాడు. ఆటో ఎక్కడ ఆగితే అక్కడ నిద్రపోతాడని అందరూ అతన్ని కునుకు అంటారు. నడుముకి కట్టుకుని దిగే తాడుని ఒడ్డున పట్టుకునే పనికి వెల్డరుకి వేరే మనిషి దొరకలేదా అంటే, విషయం బయటికి పొక్కకుండా దొరికింది అతనొక్కడే.

నీటి అంచున మనిషి కూర్చోవడానికి వీలైన చప్టా ఒకటే ఉంది. మునగకుండా మిగిలిన లారీ దారి వెంట కంప్రెసర్‌ని అక్కడికే దించారు. ఇళ్ల దగ్గర రంగు కొట్టేటప్పుడు చప్పుడికి ఇంటివాళ్లు విసుక్కుంటారని, ఇంజనుకీ కంప్రెసరుకీ కలిపి తడిపిన గోనెసంచులు కప్పడం వెల్డరుకి అలవాటు. గుంటలో చప్పుడు ఊరంతా వినిపిస్తుంది కదా... అందుకని ఇంకో రెండు సంచులు ఎక్కువే కప్పాడు.

"ఒక్కసారి లాగితే — బాగున్నావా అని. నువ్వూ ఒక్కసారి లాగు. ఆపకుండా లాగానంటే పైకి లాగెయ్. పడుకోకు," అన్నాడు.

"పడుకోను బావా," అన్నాడు కునుకు. చలిగా ఉందని, ఇంజను వేడికి వెచ్చబడ్డ సంచులకి వీపు ఆనించి, తాడు చేతికి చుట్టుకుని కూర్చున్నాడు.

వెల్డరు దిగాడు.

నడుము దాకా చల్లగా, మెడ దాకా గడ్డకట్టినట్టుగా... తర్వాత తల కూడా మునిగింది. గాలి వస్తోంది. కాస్త రబ్బరు వాసన, కాస్త పొగ వాసన. కొత్త సామాను కదా అనుకున్నాడు. పాలిథిన్ సంచిలో చుట్టిన టార్చి వెలుగు మూరెడు కంటే ముందుకి పోవడం లేదు. బెల్టు బరువు మెల్లగా కిందికి దించేసింది.

అడుగున గది ఉంది. ఇనుప తలుపు ఓరగా తెరిచి ఉంది. పక్కకి తిరిగి దూరాడు.

పంపు అక్కడే ఉంది. దాని మీద చెయ్యి కూడా వేశాడట. అంతలో తలలో సన్నగా నొప్పి. టార్చి వెలుగు రెండుగా కనిపించింది. ఈ రోజుకి చాలు, చూశాం కదా అనుకుని వెనక్కి తిరిగాడు — పైపు బిగుసుకుంది. తలుపు గడియకి చిక్కుకున్నట్టుంది. గుంజితే తలుపు కదిలి, ఉన్న సందు ఇంకా మూసుకుపోయింది.

గది నాలుగు గోడలూ చేతికి అందుతున్నాయి. పైన కప్పు. కంగారులో కాళ్లు ఆడిస్తే అడుగున బురద లేచి, ఆ ఉన్న వెలుగు కూడా పోయింది. తలుపు ఎటుందో తెలియలేదు.

తాడు పట్టుకుని ఆపకుండా లాగాడు.

పై నుంచి ఒక్కసారి... మెల్లగా... లాగినట్టయింది.

బాగున్నావా అని.

వీడి మొహం మండ, అనుకున్నాడు. మళ్లీ లాగాడు, గట్టిగా, ఆపకుండా, చేతుల్లో ఉన్న బలమంతా పెట్టి. ఆగాడు. చూశాడు.

మళ్లీ ఒక్కసారి. తొందరేమీ లేనట్టు. ఏడ్చే పిల్లాణ్ణి జోకొట్టినట్టు.

అప్పుడు భయమేసిందట అతనికి. ఎందుకంటే కునుకు లాగే తీరు అది కాదు. అతను ఏది లాగినా తెంపేలా లాగుతాడు. ఈ చెయ్యి వేరే చెయ్యిలా ఉంది.

"కూర్చో..."

చెవిలో కాదు, తలలోనే వినిపించిందట. మోకాళ్లు వాటంతటవే వంగాయి. పంపు మీద కూర్చున్నాడు. తలనొప్పి దూరంగా ఎవరికో ఉన్నట్టుంది. ఇంటి దగ్గర భార్య అన్నం పెట్టుకుని కూర్చుని ఉంటుందని గుర్తొచ్చింది. వెళ్లాలి అనుకున్నాడు. కాసేపాగి వెళ్దాంలే అని కూడా అనుకున్నాడు. తాడు అప్పుడప్పుడూ కదులుతోంది — ఒక్కసారి, ఒక్కసారి. ఇతనూ ఒక్కసారి లాగుతున్నాడు. బాగున్నానని.

ఎంతసేపో తెలీదు.

ఉన్నట్టుండి గాలి ఆగింది. మాస్కు మొహానికి అతుక్కుపోయింది. ఊపిరాడనివాడికి నిద్ర ఎక్కడిది? ఆ గిలగిలలో ఒళ్లు తెలిసింది. ఊడబెరికి మాస్కు పారేశాడు. నడుముకి కట్టిన తాడు విప్పుకున్నాడు. బకిలు నొక్కాడు, బెల్టు జారింది. కాలితో తడుముతుంటే సందు తగిలింది. వీపు చర్మం ఆ తలుపుకే వదిలేసి బయటపడ్డాడు.

పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదట. బిగబడితే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోతాయట. ఆ వీడియో కింద ఎవరో పుణ్యాత్ముడు రాశాడు. వెల్డరు తన జన్మలో విన్న ఒకే ఒక్క సలహా అది. బుడగలు వదులుతూ, వదులుతూ పైకి తేలాడు.

గుంట నిశ్శబ్దంగా ఉంది. సంచుల కింద ఇంజను ఆగిపోయింది. కునుకు సంచుల మీద పక్కకి ఒరిగి పడున్నాడు, నోరు తెరుచుకుని. చేతులు ఖాళీగా ఉన్నాయి. పిలిచాడు, కొట్టాడు, లేవలేదు. అతన్ని భుజాన వేసుకుని, పడుతూ లేస్తూ పైన రోడ్డు దాకా ఎలా ఎక్కాడో తనకే తెలీదంటాడు. గాలి తగిలే చోటికి రాగానే ఇద్దరూ కలిసి పడిపోయారు. దారిన పోయే లారీవాళ్లు చూసి ఆసుపత్రిలో చేర్పించారు.

మర్నాడు నేను వెళ్లేసరికి డాక్టరమ్మ వెల్డరుకి క్లాసు పీకుతోంది.

"ఇంజను పొగలో రంగూ రుచీ లేని విషం ఒకటుంటుంది. సంచులు కప్పి ఆ పొగని బయటికి పోనివ్వలేదు. పక్కనే ఉన్న కంప్రెసర్ దాన్నే పీల్చి మీకు పంపింది. ఒడ్డున కూర్చున్న ఆయనకి నేరుగానే అందింది. తల తిరుగుతుంది, మాటలు వినిపిస్తాయి, నిద్రొస్తుంది. ఆ నిద్రలోంచి లేవరు. చివరికి సంచులు ఆ ఇంజనుకే గాలాడకుండా చేశాయి కాబట్టి ఆగింది. ఆగకపోతే మీరు ఇంకా అక్కడే ఉండేవారు."

వెల్డరు గోడ వైపు చూస్తూ అన్నాడు. "ఎన్నేళ్ల నుంచో అలాగే కప్పుతున్నానమ్మా. ఎప్పుడూ ఏమీ కాలేదు."

"అప్పుడా గాలి ఎక్కడికి పోయేది?"

"రంగుకి."

రంగుకి ఊపిరితో పనేముంది?

నాకు మాత్రం గుండెల మీది బరువు దిగినట్టయింది. అంతకుముందు దిగినవాళ్లూ ఆ చప్టా మీదే ఏదో ఒక ఇంజను పెట్టుకుని దిగి ఉంటారు. ఆ గాలి ఆడని గుంటలో ఆ పొగే పీల్చి ఉంటారు. కూర్చోమన్నది ఎవరూ కాదు, ఆ పొగే. తాడంటారా, ఎక్కడో రాయికి తట్టుకుని అల్లాడి ఉంటుంది. ఇన్నాళ్లూ ఒక ఇంజను పొగకి భయపడ్డామా అని నవ్వొచ్చింది కూడా.

ఆ సాయంత్రం కునుకు కళ్లు తెరిచాడు. నేనప్పటికి కొట్టుకి వచ్చేశాను. ఇక్కడి నుంచి అతని అక్క చెప్పిన మాట.

తమ్ముడు బతికాడని ఆమె ముందు ఏడ్చింది. ఏడుపు అయ్యాక తిట్లు లంకించుకుంది. "నీ నిద్ర తగలెయ్య. లోపల మనిషి ప్రాణం పోతుంటే తాడు వదిలేసి పడుకుంటావురా? నా గతేమయ్యేదిరా?"

"నేను పడుకోలేదక్కా," అన్నాడు కునుకు. "తాడు వదల్లేదు. బావకే ఇచ్చాను."

"ఏ బావకి?"

"ఈ బావకే." మంచం పక్కన నిలబడ్డ వెల్డరుని కళ్లతోనే చూపించాడు. "నువ్వు పైకొచ్చి నా పక్కన కూర్చున్నావుగా బావా. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. నీకు నిద్రొస్తోంది, తాడు ఇటివ్వు, నేను పట్టుకుంటా అన్నావు. నువ్వే వచ్చేశావు కదా, ఇంకా తాడెందుకు బావా అని కూడా అడిగాను..."

"ఏమన్నాను?" వెల్డరు గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమీ అనలేదు. మెల్లగా ఒకసారి లాగావు. కాసేపాగి ఇంకోసారి లాగావు."

"నా మొహం చూశావా?"

"మాస్కు తియ్యలేదు కదా నువ్వు."

అది కూడా పొగ చూపించిన మాయే అని వెల్డరు అన్నాడట, కానీ కునుకు వైపు చూడకుండా అన్నాడట.

ఆమె తిట్లు ఆపింది. లేచి వెళ్లి మొగుడి చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని, వేళ్లూ అరచెయ్యీ మణికట్టూ ఒక్కొక్కటే నొక్కి చూసింది. వెచ్చగానే ఉందట. అయినా ఆ రాత్రంతా వదల్లేదట.