సగం సాయంత్రం, సగం పొద్దున్న

"ఈయన ఏ పద్ధతిలో మందు తాగారు?"

డాక్టర్ కయెతాన్ నర్సు బోగ్నాతో అన్న మొట్టమొదటి మాట అది. ఆమె చూసిన చూపుకి అతని చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"అది మీకు తెలియకూడదు డాక్టర్ గారూ. తెలిస్తే పరిశోధన మొత్తం మట్టికొట్టుకుపోతుంది."

"అబ్బే, ఊరికే అడిగాను."

"ఊరికే కూడా అడగకూడదు. మందు సంగతి నాది, మార్కుల సంగతి మీది. మధ్యలో గోడ."

తోరున్ ఊరి ఆసుపత్రిలో ఆ ఏడాది జరుగుతున్న పరిశోధన అది. కొలొనోస్కోపీలో కెమెరా లోపలికి వెళ్లేముందు పేగు శుభ్రంగా ఉండాలి. అందుకిచ్చే మందు నీళ్లు ముందురోజు సాయంత్రమే మొత్తం తాగేస్తే మేలా, సగం సాయంత్రం, సగం పొద్దున్న తాగితే మేలా? ఎవరు ఎలా తాగాలో బోగ్నా చెబుతుంది. ఆ సంగతి తెలియకుండానే కయెతాన్ చూసి, శుభ్రతకి తొమ్మిదికిన్ని అని మార్కులు వేస్తాడు.

ఏ మాట పొరపాటున నోరుజారుతుందోనని బోగ్నా ఆ గోడని వరండాలోకీ, కాంటీన్‌లోకీ కూడా కట్టేసింది. ఇక మాట్లాడుకోవడానికి మిగిలింది వాతావరణం ఒక్కటే. వరండా చివర కిటికీలోంచి విస్తులా నది కనిపిస్తుంది. ఇద్దరూ అక్కడ నిలబడేవారు.

"వాన వచ్చేలా ఉంది," అనేవాడు కయెతాన్.

"వచ్చేలానే ఉంది," అనేది బోగ్నా.

నదిమీద మబ్బు మెల్లగా కదిలేది. ఆమె ఊపిరికి అద్దం మసకబారేది. ఆ మసకలో ఆమె వేలితో గీసిన గీత చెరిగిపోయేదాకా చూసి, కలలో నడుస్తున్నవాడిలా పనికి వెళ్లేవాడు. పాపం, పూర్తిగా మునిగిపోయాడు.

జూన్ వచ్చింది. పరిశోధన అయిపోగానే బోగ్నా గ్దాన్‌స్క్ ఆసుపత్రికి వెళ్లిపోతుందని తెలిసింది. ఆలోగా చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడు.

ఆమె పేరు పండుగ, అంటే క్యాలెండర్‌లో ఆమె పేరున్న రోజు, రానే వచ్చింది. ఆ పండుగకి ఎవరినీ పిలవరు. గుర్తున్నవాళ్లు పూలు పట్టుకుని వెళ్లి తలుపు కొడతారు. కయెతాన్ గులాబీలు కొన్నాడు. ఆమె ఇంటి ఎదురుగా పూసిన లిండెన్ చెట్టు కింద వానలో చాలాసేపు నిలబడ్డాడు. గోడ గుర్తొచ్చి, తలుపు కొట్టకుండానే వెనక్కి వచ్చేశాడు.

మర్నాడు పరిశోధనలో చివరి పేషెంటు తెయోఫిలా అనే పెద్దావిడ. మత్తు వద్దని తేల్చి చెప్పి పడుకుంది. కెమెరా కాస్త లోపలికి వెళ్లగానే స్క్రీన్ నిండా నల్లటి చుక్కలు.

"నిన్న ఏం తిన్నారమ్మా?"

"వడగట్టిన కోడి సూపు."

"అది కాక?"

"అది కాక ఇంకేముంటుంది బాబూ!"

"గసగసాలు కనిపిస్తున్నాయి."

"ఒక్క ముక్కే. కాస్త పెద్ద ముక్క. మా చెల్లెలి కూతురి పేరు పండుగ. దాని చేతి గసగసాల కేకు తినకపోతే పిల్ల చిన్నబుచ్చుకోదూ? గింజలు తినొద్దని చెప్పిందీ ఆ పిల్లే. మందు తాగేదేమో..."

"ఆ సంగతి నాకు చెప్పకూడదు!"

"సరే సరే. నేను తింటుంటే అది చూస్తేగా! కిటికీ వదిలితే ఒట్టు. ఎదురుగా చెట్టుకింద ఎవడో వెర్రిబాగులవాడు గులాబీలు పట్టుకుని తడుస్తున్నాడు. తలుపు కొడతాడేమోనని ఎదురుచూసింది. వెళ్లిపోయాడు. పిల్ల మొహం మాడిపోయింది."

కయెతాన్ చెయ్యి ఆగిపోయింది.

"ఆగారేం బాబూ?"

పరీక్ష ముగించి కాగితం ముందు కూర్చున్నాడు. సొంత మనిషికే గింజలు తినిపించిన నర్సు అని రేపు బోగ్నాని అందరూ ఆటపట్టిస్తారు. ఆరు వేస్తే ఎవరికీ తెలియదు. పెన్ను కాసేపు గాలిలోనే ఉంది. మూడు వేసి సంతకం పెట్టాడు.

పెద్దమ్మని తీసుకెళ్లడానికి వచ్చిన బోగ్నా స్క్రీన్ చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నా కేకేనా?"

"మీ కేకే. మూడు వేశాను. మన్నించండి."

"ఎక్కువ వేసి ఉంటే జన్మలో మీతో మాట్లాడేదాన్ని కాదు."

"ఇదే చివరి మార్కు. గోడ ఇంకా ఉందా?"

"లేదు," అంది బోగ్నా నెమ్మదిగా.

"అయితే చెప్పండి, ఏ పద్ధతి మేలు?"

"లెక్కలు ఇంకా తేలాలి. తాగినవాళ్లు మాత్రం సగం సాయంత్రం, సగం పొద్దున్నే నయమన్నారు."

"నేనూ అలాగే చెబుతాను. ఇప్పుడు సగం. నిన్న చెట్టుకింద తడిసిన వెర్రిబాగులవాణ్ణి నేనే."

"మిగతా సగం?"

"రేపు పొద్దున్న."

"అది మందుకి డాక్టర్ గారూ, మాటకి కాదు. మొత్తం ఇప్పుడే చెప్పండి."

"గ్దాన్‌స్క్ వెళ్లకండి. మీరంటే నాకు ప్రాణం. చలికాలమంతా వాన గురించి మాట్లాడింది మీ గొంతు వినడానికే."

"తెలుసు. జనవరిలో మంచు కురుస్తుంటే వాన వచ్చేలా ఉందన్నారు."

"మరి మీరూ వచ్చేలానే ఉందన్నారుగా?"

ఆమె నవ్వింది. ఇన్ని నెలల్లో అతనికోసం నవ్విన మొదటి నవ్వు అది. "వెళ్లను. కేకు ఇంకా ఉంది. ఈసారి తలుపు కొట్టండి."

మంచం మీద దుప్పటి కదిలింది.

"నా పరీక్ష మళ్లీ చెయ్యాలంటారా?" అంది తెయోఫిలా.

"తప్పదమ్మా. గింజలడ్డం వచ్చి సరిగ్గా కనపడలేదు."

"అయితే ఈసారి వేరే డాక్టర్ని చూడవే బోగ్నా. ఇంటి అల్లుడి చేత ఇలాంటి పరీక్ష నేను చేయించుకోను."