వెనకాల వస్తున్నవాళ్ళు

చీకటిలోవ వాగులో కాళ్ళు పెట్టుకుని చద్దన్నం తింటున్న సన్యాసమ్మ కాలివేళ్ళ సందులోకి ఒక బంగారు కాసు కొట్టుకొచ్చి కూర్చుంది. మీరైతే నిధి నిధి అని అరిచి కొండంతా జనాన్ని పోగుచేసేవారు. ఆవిడ చెయ్యి కడుక్కుని, కాసు కొంగున ముడివేసి, పొద్దు ఎంత ఎత్తులో ఉందో చూసింది.

చూడక తప్పదు మరి. ఒంటరిగా కొండలు తిరగడమంటే ఆవిడకు పండగ, తమ్ముడు పైడిరాజుకు గుండెదడ. ఏ కొండకు పోతుందో చెప్పే బయల్దేరుతుంది. అయినా ఆ ఉదయం వాడు గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"పొద్దుగూకేలోగా రానేదనుకో, ఊరంతా కాగడాలట్టుకుని ఎతుకుతాం. ఆనక మరి నిన్ను ఒక్కర్తినీ ఎక్కడికీ ఎల్లనిచ్చేది నేదప్పా!"

అన్నంత పనీ చేసే రకం వాడు.

సన్యాసమ్మ వాగు వెంట ఎగబాకింది. నీళ్ళు ఒక గుహ నోట్లోంచి వస్తున్నాయి. టార్చిలైటు వెలిగించి లోపలికి దూరింది. మలుపు మలుపుకీ ఆగి, వెనక్కి తిరిగి, వచ్చిన దారి ముఖం గుర్తుపెట్టుకుంది. పోయేటప్పుడు కనిపించే దారి వేరు, వచ్చేటప్పుడు కనిపించే దారి వేరు. పైన మేకపిల్లలంతేసి గబ్బిలాలు వేలాడుతున్నాయి. అంతటివి కూడా ఆవిణ్ణి చూసి కళ్ళు మూసుకున్నాయి.

లోపల ఒక రాతితొట్టి. మీద ఏనుగులు లాగినా కదలని బండ. తొట్టి పగులులోంచి పసుపు మెరుపు. చుట్టూ నాలుగు అస్థిపంజరాలు, ఒకడి గొంతు ఒకడు పట్టుకుని.

"ఒక్కర్తివే వొచ్చినావేటి, సెల్లీ?"

చీకట్లోంచి తేనె పూసిన గొంతు. బస్సుల్లో, సత్రాల్లో ఆ ప్రశ్న వినీ వినీ ఉన్న ఆవిడ నోరు తనంతట తానే జవాబిచ్చేసింది.

"నేదన్నా. మావోళ్ళు ఎనకాలొత్తన్నారు."

"ఎంతమంది?"

"నలుగురు."

వెనక తడికాళ్ళ చప్పుడు. ఎవరో దగ్గారు. "వొత్తన్నామమ్మా, వొత్తన్నాం..."

ఆవిడ టార్చి వెనక్కి తిప్పింది. ఎవరూ లేరు. ముందుకు తిప్పింది. ఇందాకటి ఎముకలూ లేవు.

మంచులాంటి చెయ్యి ఒకటి ఆవిడ మణికట్టు పట్టి బండమీద పెట్టింది. "ఎత్తు! మా నలుగురికీ లెగనేదు. అయిదో సెయ్యి కావాల. ఇక మాతోనే ఉండిపోదువుగాని!"

టార్చి మినుకుమంది. బయట పొద్దు వాలుతూ ఉంటుంది. సన్యాసమ్మ మెల్లగా అడిగింది.

"ఎత్తుతానన్నా. ముందు ఇది సెప్పండి, పెద్ద వాటా ఎవులిది?"

చీకట్లో గొంతులు ఒకదాని మీద ఒకటి లేచాయి.

"నాదే!"

"నీదేట్రా? దారి సూపింది నేను!"

"నోర్ముయ్! అందరికన్నా ముందు సచ్చింది నేను!"

మణికట్టు మీద పట్టు సడలింది. సన్యాసమ్మ కొంగుముడి విప్పి కాసును వాళ్ళ మధ్యకు విసిరింది. ఎముకల మీద ఎముకలు పడ్డాయి. ఆవిడ ఒకటే పరుగు! టార్చి ఆరిపోయినా పాదాలు నీటివాలును పట్టుకున్నాయి, చేతులు మలుపులను తడిమి గుర్తుపట్టాయి. పొద్దువాలిన ఎర్రటి ఎండలోకి వచ్చి పడింది.

ఊరి మొగలో పైడిరాజు కాగడాలకు గుడ్డలు చుడుతున్నాడు. అప్పను చూసి వాటిని కింద పడేశాడు. మబ్బు తునక లేదు, కొండ మాత్రం లోపల్లోపల ఉరుముతోంది.

"మొకమేటప్పా అలాగ పాలిపోనాది? వొచ్చేపాలి నేనూ తోడొత్తాను."

"ఒద్దురా," అంది సన్యాసమ్మ, కొండవైపు చూడకుండా. "తోడొచ్చినోడు వాటా అడుగుతాడు."