రంగు దిద్దని ముఖం

లోకంలో జరిగేదంతా చూస్తూ మౌనంగా సాగిపోయే కర్మసాక్షికి, ఆ సూర్యనారాయణునికి చేతులు మోడ్చి ఈ కథ ఆరంభిస్తున్నాను.

ఆ ఉదయం ఫొటోగ్రాఫరు వంటింట్లో కాఫీ కలుపుతున్నాడు. వేరే ఊళ్లో ఉద్యోగం చేసే కూతురు సెలవుపై వచ్చి, ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చున్నది. తల్లి పోయి ఏడాది కావస్తున్నది. ఆమె ఫొటోలతో బంధువులకు చూపడానికి ఒక వీడియో కూరుస్తున్నది.

“నాన్నా, నువ్విచ్చిన ఫొటోలు మరీ చిన్నవి, తెరమీద చెదిరిపోతున్నాయి. డ్రైవులో కెమెరా తీసినవి తీసినట్టే రా (RAW) ఫైళ్లున్నాయిగా, అవే ఎక్కించేస్తున్నా.”

చెంచా చప్పుడు ఆగింది. “వద్దమ్మా! అవి పచ్చి సరుకు. రంగులు దిద్దకుండా చూడకూడదు.”

“అబ్బో! ముస్తాబు కాందే గడప దాటని పెళ్లికూతుళ్లా అవి? మా అమ్మేగా!” అంటూ మీట నొక్కింది.

రా ఫైలు కెమెరా చూసినదాన్ని చూసినట్టే దాచుకుంటుంది. తండ్రి చేసిన రంగుల దిద్దుబాటు పక్కన వేరొక ఫైలులో ఉన్నది. వీడియో సాఫ్ట్‌వేర్‌కు దానితో పని లేదు. అందుచేత తెరమీదికి పసుపెక్కిన కళ్లతో, బూడిదరంగు పెదవులతో తల్లి వచ్చింది.

కూతురి నవ్వు ఆరిపోయింది. “ఇది నా ఫోనుకు పంపిన ఫొటోయే కదా? ‘అమ్మ కోలుకుంటోంది’ అని రాశావు. ఆ ఎర్రటి బుగ్గలు చూసి, ఇంక పర్వాలేదులే అని పెట్టిన సెలవు రద్దు చేసుకున్నాను. నా కళ్లకు గంతలు కట్టావా నాన్నా?”

తండ్రి గుమ్మంలోనే నిలబడిపోయాడు. “మీ అమ్మే అడిగిందమ్మా. ‘పిల్ల హడలిపోతుంది, కాస్త రంగు వెయ్యండీ’ అంది.”

“అమ్మ అడిగింది, సరే. మరి నువ్వు?”

“ముందు నీకోసమే దిద్దాను. తరవాత... ఆ దిద్దిన ముఖాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి. తగ్గుతోందని నేనూ నమ్మాను. మంచంమీది మనిషిని చూడ్డం మానేశాను తల్లీ. నిన్ను పిలవాల్సిన రోజున పిలవలేకపోయాను.”

అసత్యం దయవేషం కట్టి వస్తే, ఎంతటి గృహస్థుడైనా పీట వేసి కూర్చోబెడతాడు. కడచూపు దక్కని కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. చాలాసేపటికి పక్కకు జరిగి తండ్రికి చోటిచ్చింది.

“కూర్చో. చెప్పు. ఇది ఎప్పుడు తీశావు?”

“అన్నం సయించక పళ్లెం తోసేసిన రోజు.”

“ఇదీ?”

“నిన్ను కలవరించిన రోజు.”

అలవాటు చొప్పున అతని చేయి రంగులు దిద్దబోయింది. ఆమె ఆ చేతిని పట్టుకుని తన ఒడిలో పెట్టుకున్నది. ఇద్దరూ ఆ ముఖాన్ని ఉన్నదున్నట్టు చూశారు.

ఈ కథ విన్నవారందరికీ, తమవారి బాధను కళ్లారా చూడగల ధైర్యాన్నీ, వేళ మించకముందే వారి చెంతకు చేరే భాగ్యాన్నీ భగవంతుడు అనుగ్రహించుగాక.