స్ఫటికం చూడడానికి రానివాడు

చనిపోయిన రోజు మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, స్ఫటికాలు వచ్చేశాయే! సూదిమొనంత ఉన్నాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో! చూస్తూ ఏడ్చేశాను, నవ్వకు."

"నవ్వట్లేదులే. అన్నం తిన్నావా?"

"తింటాలే. ముందు వీటిని నైట్రోజన్‌లో పెట్టేసి, అందరినీ పిలిచి చూపించాలి."

సాయంత్రానికి ఆ పిల్ల లేదు. ల్యాబ్ కింది అంతస్తులో, ద్రవ నైట్రోజన్ ట్యాంకు ఉండే ఇరుకు గదిలో దొరికింది. వాల్వు లీకై గదిలో ఊపిరాడలేదన్నారు. గాలి తగ్గితే మోగాల్సిన అలారంలో బ్యాటరీ లేదు. ప్రమాదమని రాసి ఫైలు మూసేశారు. అసలు స్ఫటికాలే రాలేదని, పాపం ఆశతోనే పోయిందని ల్యాబ్‌లో అందరూ అన్నారు.

అక్క ఫోన్‌లో విన్నది వేరు. ఆమె బడిలో సైన్సు చెబుతుందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిఘా సంస్థలో ఆమె కోడ్ నేమ్ నత్త. తొందరపడదు, పట్టుకుంటే వదలదు.

సంస్థ అధిపతిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన పరామర్శ ఒక్క ముక్కలో ముగించి బ్రీఫింగ్‌లోకి దిగాడు.

"మీ చెల్లెలు పనిచేసిన ప్రొటీన్ ఒక విషానికి విరుగుడు. ఆ విషం తయారుచేసే ముఠా సరిహద్దు అవతల ఉంది. విరుగుడు ఆకారం వాళ్లకి తెలిసిందంటే, దానికి లొంగకుండా విషాన్ని మార్చేస్తారు. ఆకారం తెలియాలంటే స్ఫటికం కావాలి. అది ఆ ల్యాబ్‌లోనే ఎవరో దాచారు. బేరం కుదిరింది. సరుకు ఇంకా దాటలేదు."

"ఎవరు సార్?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? ఆ పోస్టుకి మళ్లీ ప్రకటన పడింది. పోస్ట్‌డాక్టరల్ రీసెర్చర్, స్ట్రక్చరల్ బయాలజీ, అంటే ప్రొటీన్ల ఆకారాలు కనిపెట్టే పని. నువ్వు ఆ చదువు సగంలో వదిలేసి నా దగ్గరికొచ్చావు కదా. మిగతా సగం మనవాళ్లు ప్రింటు తీసి పెట్టారు." సర్టిఫికెట్ల కవరు ముందుకు తోశాడు. "ఇంకో మాట. మనిషి నాకు ప్రాణాలతో కావాలి. పగ తీర్చుకోడానికి నేను జీతాలివ్వను."

"అలాగే సార్."

ఆ మాట ఆయన నమ్మలేదు. ఆమె కూడా నమ్మలేదు.

జుట్టు కత్తిరించుకుని, మందపాటి కళ్లద్దాలు పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లింది. ప్రొఫెసర్ మెత్తటి మనిషి. "పాపం, మీకు ముందున్న అమ్మాయి బంగారం," అని కళ్లు తుడుచుకున్నాడు. పోస్టు ఇచ్చాడు. చెల్లెలి బల్లే ఇచ్చాడు. సొరుగులో ఆ పిల్ల జుట్టుకు పెట్టుకునే రబ్బరు బ్యాండ్ ఒకటి మిగిలి ఉంది. నత్త దాన్ని మణికట్టుకు వేసుకుంది. కిందికెళ్లి అలారంలో కొత్త బ్యాటరీ పెట్టింది. ఆ తర్వాతే పని మొదలుపెట్టింది. బ్యాక్టీరియాను పెంచి, పగలగొట్టి, అందులోంచి ప్రొటీన్‌ను వడకట్టి, గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలో చుక్కలుగా పెట్టడం. ఇక ఎదురుచూడడం.

సంస్థ తరఫున ఆమెకు కాంటాక్టు ఒకతె ఉంది. మైక్రోస్కోపు కంపెనీ సర్వీస్ ఇంజనీరుగా వస్తుంది. ఎత్తు మడమల చెప్పులు, ఎర్రటి లిప్‌స్టిక్, మనిషి కంటే రెండు గదుల ముందు వచ్చే పరిమళం. సంస్థలో ఆమె పేరే సెంటు.

"లెన్సు తుడిచారా?" అంది సెంటు. అది కోడ్.

"మీ చెయ్యి పడితేనే మెరుస్తుంది."

"అబ్బ, ఎవరు రాస్తారో ఈ డైలాగులు!" అని సెంటు నవ్వింది. "ఏమైనా తేలిందా?"

"తేలుస్తాను."

స్ఫటికం వచ్చిందని వింటే కుర్చీలో కూర్చోగలిగినవాడు ఆ వృత్తిలో లేడు. నోట్లో ముద్ద ఉన్నా లేచి పరిగెడతాడు. ఏళ్లు ఎదురుచూసిన కళ్లు మరి. కానీ అసలు స్ఫటికాన్ని ముందే చూసి, దాచుకున్నవాడికి ఆ ఆత్రం ఎందుకుంటుంది? నత్త ఒక చుక్కలో ప్రొటీన్ లేకుండా ఉత్త ఉప్పును స్ఫటికం కట్టించింది. మరునాడు పొద్దున్నే గట్టిగా అరిచింది.

"వచ్చాయి!"

ఒకడు సబ్బు చేతులతోనే వచ్చాడు. ఒకమ్మాయి ఫోన్‌లో అమ్మను "ఉండవే" అని అలాగే వదిలేసి వచ్చింది. మైక్రోస్కోపు దగ్గర తోపులాట. ప్రొఫెసర్ తలుపు తెరిచే ఉంది. ఆరేళ్లుగా ఆ స్ఫటికం కోసం తపించిన మనిషి తలెత్తి చూసి, చిరునవ్వు నవ్వాడు.

"మంచిదమ్మా. టీ తాగి వస్తాను."

కడుపు నిండిన మనిషి తీరు అది.

సెంటును మెట్ల దగ్గర పట్టుకుని చెప్పింది. "ప్రొఫెసరే. నా ట్రేలో ఉన్నది ఉత్త ఉప్పు. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు."

"పెద్దాయనకి నేను చెప్తాలే. నువ్వు కదలకు."

మరునాడు ప్రొఫెసర్ ఆమె బల్ల పక్కగా వెళుతూ భుజం తట్టాడు. "ఉప్పు చూసి మోసపోవడం అందరికీ జరిగేదేనమ్మా. పారేసి మళ్లీ పెట్టండి."

ఆయన మైక్రోస్కోపులో కన్ను పెట్టనే లేదు.

అంటే సెంటు చెప్పింది. పెద్దాయనకు కాదు, ఈయనకు. నత్త బాత్రూంలోంచి పెద్దాయనకు నేరుగా ఫోన్ చేసింది. ఆయనకు ఏ కబురూ అందలేదు.

"మనవాళ్లు బయల్దేరుతున్నారు. వచ్చేదాకా వాళ్లని ఆపు," అన్నాడు.

కిటికీలోంచి చూస్తే, మైక్రోస్కోపు కంపెనీ వ్యాను వెనక్కి వెనక్కి వచ్చి కింది అంతస్తు తలుపుకు ఆనుతోంది.

ఆమె మెట్లు దిగేసరికి ప్రొఫెసర్ పొడవాటి పటకారుతో ట్యాంకులోంచి చిన్న లోహపు బిళ్లను తీసి, నైట్రోజన్ నింపిన ఫ్లాస్కులోకి దించి, పటకారు బల్ల మీద పెట్టాడు. సెంటు టూల్‌కిట్‌లోంచి పిస్టల్ తీసింది.

"పక్కకు జరుగు నత్తా. మీ చెల్లెలిలా మొండికెయ్యకు."

ప్రొఫెసర్ మొహం పాలిపోయింది. "చెల్లెలా? ఆ అమ్మాయి అక్క బడిలో కదా..."

"ఇవాళ సెలవు పెట్టాను," అంది నత్త. "ఎందుకు చంపావు?"

"అందరికీ చూపిస్తానంది. ఒక్క రోజు ఆగమన్నాను, వినలేదు."

ఆ బిళ్లలో నూలుపోగు చుట్టంత ఉచ్చులు కొన్ని. ఒక్కో ఉచ్చులో ఒక్కో స్ఫటికం. చెల్లెలు ఈ లోకంలో వదిలివెళ్లింది అంతే. ఆ చలి దాటి బయటికొస్తే అవి రెప్పపాటు కూడా బతకవు. నత్తకు అది తెలుసు. తెలిసే, ఫ్లాస్కును కాలితో తన్నింది.

తెల్లటి పొగ నడుముల దాకా లేచింది. పిస్టల్ పేలింది. గుండు ట్యాంకు గొట్టాన్ని చీల్చింది. సెంటు మడమ జారింది. నత్త పటకారు అందుకుని ఆమె మణికట్టు మీద కొట్టింది. పిస్టల్ పొగలో పడిపోయింది. సెంటు వ్యాను వైపు పరిగెత్తింది, నేరుగా పెద్దాయన మనుషుల చేతుల్లోకి.

ఈసారి అలారం మోగింది.

ప్రొఫెసర్ మోకాళ్ల మీద పొగలోకి వంగి బిళ్ల కోసం వెతికాడు. వట్టి చేత్తో పట్టుకుని కేక పెట్టాడు. ఆ పొగలో గాలి లేదు. అక్కడే కూలిపోయాడు. నత్త గుమ్మంలో నిలబడింది. అతని గోళ్లు నేలను గీస్తున్న చప్పుడు విన్నది. ఆగింది. ఎంతసేపు ఆగిందో ఆమె రిపోర్టులో లేదు. తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకుని లోపలికెళ్లి, కాలర్ పట్టి ఈడ్చుకొచ్చింది.

కళ్లు తెరవగానే అతను అడిగిన మొదటి మాట, "స్ఫటికాలు?"

"చచ్చిపోయాయి."

"అన్నీనా?"

"అన్నీ."

అతను వెక్కివెక్కి ఏడ్చాడు. చెల్లెలి కోసం తుడుచుకున్న కళ్లలో తడి ఉండి ఉండదు. ఇప్పుడు నిజంగా ఉంది. నత్త చివరిదాకా నిలబడి చూసింది.

"ప్రాణాలతోనే తెచ్చావు," అన్నాడు పెద్దాయన. "వాడి మెడ మీద ఆ వాతలేంటి?"

"కాలర్ బిగుతు సార్."

"సరే. సామాను సర్దుకుని వచ్చెయ్యి."

"పోస్టు రెండేళ్లది సార్. సంతకం పెట్టాను."

ఆయన వాదించలేదు. చెల్లెలు కలిపిన పాళ్లతోనే నత్త కొత్త ట్రే పెట్టింది. విరుగుడు ఆకారం ఎవరికీ తెలియదు. స్ఫటికం ఇంకా రాలేదు.