తుప్పు పట్టని రజను

రఖియా లోపలికి వచ్చేసరికి ఆమె నుదుటి మీద రక్తం ఇంకా ఆరలేదు.

"లల్లా, మా ఇంటి మీద రాళ్లు రువ్వారు. మా ఆయన్ని జైల్లో పెట్టారు. మీరు కూడా పొమ్మంటే నాకింక వెళ్లే చోటు లేదు."

మొరాకోలోని మెక్నెస్‌లో ప్రైవేట్ డిటెక్టివ్‌గా పేరున్న తామూను అందరూ గౌరవంగా 'లల్లా' అని పిలుస్తారు. ఆమె రఖియాను కూర్చోబెట్టింది. సహాయకుడు అన్వర్ నుదుటికి తడిగుడ్డ అందించాడు.

రఖియా భర్త మునీర్ చెత్తదిబ్బ దగ్గర ఇంజనీరు. దిబ్బలోంచి ఊరే నల్లటి మురుగును ఇనుప రజను నింపిన పీపాల గుండా పంపి, విషం విరిగాక వాగులోకి వదలడం అతని పని. వాగు పక్కనే ఊరి బావి. ఆ బావి నీళ్లలో కలిపిన పొడిపాలు తాగి ఇటో అనే అమ్మాయి పసిపాప ఒళ్లు నీలంగా మారి చనిపోయింది. మునీర్ నిర్లక్ష్యమే చంపిందని అందరికన్నా గట్టిగా అరుస్తున్నది పాప తాత, ఇటో తండ్రి బూషైబ్.

"రజను చివరిసారి ఎవరు మార్చారు?" అడిగింది తామూ.

"చలికాలం చివర్లో, రంజాన్ ముందు, బూషైబ్ గారే. ఎప్పుడూ ఆయన లేతు షాపు నుంచే వస్తుంది. మా ఆయన అప్పుడు జ్వరంతో మంచం మీదున్నాడు."

దిబ్బ దగ్గర అన్వర్ ఒక పీపా మూత తీశాడు. "వెండిలా మెరుస్తోంది లల్లా! ఇంత శుభ్రంగా ఉంచినవాణ్నా జైల్లో పెట్టారు?"

తామూ గుప్పెడు రజను రుమాల్లో మూటగట్టుకుంది.

బూషైబ్ షాపు ముందు కొత్త ట్యాంకులు తళతళలాడుతున్నాయి.

"నా మనవరాలు మట్టిలో ఉంది. దాన్ని చంపినవాడి తరఫున వచ్చారా?" అన్నాడు బూషైబ్.

"ఏం జరిగిందో తెలుసుకుందామని వచ్చాను. పని బాగానే ఉన్నట్టుంది?"

"పాల ట్యాంకులు. చలికాలం నుంచి అవే. వేరేది ముట్టుకోలేదు."

మర్నాడు తామూ అందరినీ ఊరి బడికి పిలిపించింది. పోలీసు అధికారి, ఊరి పెద్ద, ఇటో, బూషైబ్, రఖియా వచ్చారు. బల్ల మీద రాత్రే పెట్టిన ఉప్పునీళ్ల గ్లాసులు రెండున్నాయి. ఒకదాంట్లో మామూలు మేకు ఉంది, నీళ్లు ఎర్రబడ్డాయి. రెండోదాంట్లో పీపాలోని రజను మెరుస్తూనే ఉంది.

"ఇనుము తుప్పు పడుతూనే ఈ విషాన్ని విరుస్తుంది," అంది తామూ. "ఇన్ని నెలలు మురుగులో నానిన రజను ఎర్రగా ముద్దకట్టాలి. ఇది కొత్తగా ఉంది. ఎందుకంటే ఇది తుప్పు పట్టని స్టీలు, పాల ట్యాంకులు చేసేది. మురుగు ఎలా వచ్చిందో అలాగే వాగులోకి పోయింది. మూత తీసి చూడకపోవడం మునీర్ పొరపాటే. కానీ ఇది నింపింది అతను కాదు."

బూషైబ్ తల వంచుకున్నాడు. "మామూలు ఇనుము పని ఆగిపోయింది. రజను లేదంటే కాంట్రాక్టు పోతుందని... ఏదైనా ఇనుమే కదా అనుకున్నా."

ఇటో తన తండ్రి ముందుకు వచ్చి నిలబడింది. "నాన్నా, నీకెప్పుడు తెలిసింది?"

"పాపను పూడ్చిన మర్నాడు. వెళ్లి మూత తీశా."

"మరి రఖియా ఇంటి మీదికి జనాన్ని ఎందుకు తోలావు?"

"నిజం తెలిస్తే నువ్వు మళ్లీ నా మొహం చూడవని, తల్లీ."

ఇటో ఏడవలేదు. పోలీసు అధికారి బూషైబ్ భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు తామూ ఊరి పెద్ద వైపు తిరిగింది.

"బావి మూయించారా?"

"వేరే నీళ్లెక్కడివి లల్లా? కాచి తాగుతున్నాం."

"కాస్తే ఈ విషం పోదు."

రఖియా లేచింది. ఇటో ఆమె వంక ఒక్క క్షణం చూసి, వెంట నడిచింది. బడి బయట ఆడవాళ్లు బిందెలతో బావి వైపు వెళుతున్నారు. వాళ్లకన్నా ముందు చేరాలని ఆ ఇద్దరూ పరుగందుకున్నారు.