రెండు కొసలూ పాసివే

“పెళ్ళిచూపులకు చేపల పులుసు పెడతారా ఎవరన్నా? ముళ్ళు ఏరుకుంటా పిల్లని చూస్తారా వాళ్ళు?” వెంకటశేషమ్మ గరిటెతో గిన్నె అంచు మీద కొట్టింది. పొద్దున్నించి ఈ మాట అనడం మూడోసారి.

“సూళ్ళూరుపేట దాకా వచ్చినోళ్ళకి బోండాలు పెట్టి పంపిస్తే మర్యాదా? మా అక్కను అడుగు,” అన్నాడు చంద్రమౌళి.

“నన్ను లాగొద్దురా నాయనా,” అంటూనే మేనత్త చిట్టి తమ్ముడి పక్షం చేరింది. “ఆ పులుసు తిన్నాక పిల్ల నచ్చలేదనే నోరుంటుందా?”

వినీల టిఫిన్ డబ్బా మూత బిగించింది. ఆదివారం వచ్చే అబ్బాయి ఫొటో అమ్మ వాట్సాప్‌లో పంపి నాలుగు రోజులైంది. ఆమె ఇంకా తెరవలేదు.

“నీకేం కావాలమ్మే?” అన్నాడు తండ్రి.

“నాకు బస్సు టైమయింది నాన్నా.”

కావలసిన పేరు రెండేళ్ళుగా నాలుక మీదే ఉంది. పెంచలకృష్ణ.

తడ దగ్గర ఫ్యాక్టరీలో పాత బ్లాకు నెట్‌వర్క్ పని ఆమెది. రోడ్డవతల కొత్త బ్లాకు అతనిది. చేరిన మొదటివారమే వినీల రెండు బ్లాకుల నెట్‌వర్క్ స్విచ్‌ల మధ్య రెండో కేబుల్ ఊరికే గుచ్చేసింది. పంపిన డేటానే ఆ రెండింట్లో మళ్ళీ మళ్ళీ తిరిగి ఫ్యాక్టరీ నెట్‌వర్క్ మొత్తం ఆగిపోయింది.

“ఏమండీ! రెండు కేబుళ్ళు వేస్తే చాలదు, ఆ రెండూ ఒకటేనని స్విచ్‌లకు చెప్పాల!” అని అతను ఫోన్లో అరిచాడు.

“స్విచ్‌లకు ఇంత గట్టిగా చెప్పాలా?” అంది.

అటువైపు నవ్వు వినిపించింది. అలా మొదలైంది.

వానలో రోడ్డు దాటాలంటే తన రెయిన్‌కోటు ఆమెకిచ్చేసి తను తడిసేవాడు. “తుప్పు పడతారు జాగ్రత్త,” అని ఆమె ఏడిపించేది. అంతకుమించి ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట అనలేదు.

పోయిన గురువారం నుంచి సెలవులో ఉన్న అతను ఈ రోజే డ్యూటీకి వచ్చాడు. రెండు వారాల క్రితం బ్లాకుల మధ్య రెండు కొత్త కేబుళ్ళు వేశారు. అయినా సీసీ కెమెరాల వీడియో నత్తనడకే.

“అంతా ఒక్కదాని మీదే పోతోంది. రెండోదాని లైటు నారింజ రంగులోనే ఉంది. అవి జత కట్టలేదు,” అంది వినీల ఫోన్లో.

“మీ వైపు సెట్టింగు ఏం పెట్టినారు?”

“పాసివ్.”

అవతల కీబోర్డు టకటక వినిపించింది.

“ఏమైంది?”

“నాదీ పాసివే.”

అవతలివాళ్ళు పిలిస్తే పలకడం, పిలిచేదాకా ఊరుకోవడం. పాసివ్ అంటే అంతే. రెండు వారాలుగా రెండు స్విచ్‌లూ ఒకదాని పిలుపు కోసం ఒకటి కాచుకుని ఉన్నాయి.

వినీలకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఎక్కడిదో ధైర్యం కూడా వచ్చింది. తన వైపు యాక్టివ్‌కి మార్చింది. కాసేపటికి లైటు పచ్చబడింది.

“కృష్ణగారూ, ఇంకో మాట. అదీ నేనే ముందు చెప్తా. ఆదివారం మా ఇంటికి ఎవరో వస్తున్నారు. నాకు వాళ్ళు వద్దు. నాకు…”

“వద్దు వినీలా.” గారు లేకుండా పిలవడం అదే మొదటిసారి. “చెప్పొద్దు. గురువారం నాకు తాంబూలాలు అయిపోయినాయి.”

వినీల పచ్చబడిన లైటు మీంచి చూపు తిప్పుకుంది.

“మీరు ముందే ఒక్క మాట అడిగుండొచ్చు గదా?”

“మీరు కాదంటే ఈ ఫోన్లు కూడా ఆగిపోతాయని భయం. మీరే అంటారేమోనని చూసినా. ‘నీకెవరన్నా ఉండారా’ అని మా అమ్మ అడిగింది కూడా. లేరన్నా.”

“ఎందుకన్నారు?”

“ఉండారని ఏం చూపించి చెప్పేది?”



“కెమెరాలు బాగున్నాయా?” అంది.

“బాగున్నాయి.”

ఆమే ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం బస్సు సూళ్ళూరుపేట చేరేదాకా వాన. పక్కావిడ విసుక్కున్నా వినీల కిటికీ మూయలేదు. ముఖం తడిగా ఉండడానికి ఏదో ఒక కారణం కావాలి గదా.

ఇంట్లో ముగ్గురూ అన్నాలకు కూచుని ఉన్నారు. వినీల గడప దగ్గరే నిలబడింది.

“ఆదివారం వాళ్ళని రావద్దనండి.”

“ఏమ్మే, ఏమైంది?” వెంకటశేషమ్మ సగం లేచింది.

“నాకు ఒకరంటే ఇష్టం. రెండేళ్ళుగా. మీకూ చెప్పలేదు, ఆయనకూ చెప్పలేదు. ఆయనకు వేరేచోట తాంబూలాలు అయిపోయినాయి.”

చంద్రమౌళి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“ఇది నాలోనుంచి పోయేదాకా ఎవరి ముందూ పెళ్ళిచూపులకు కూచోను,” అంది వినీల మెల్లగా. “ఎప్పుడు పోతుందని మాత్రం నన్ను అడగబాకండి. నాకూ తెలీదు.”