మార్తమ్మ ఉద్దేశం

రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడాదిన్నర కాలేదు, అప్పుడే మొదటి సవరణ వచ్చింది. ఆ వానాకాలం సికింద్రాబాద్ రీడింగ్ రూములో డిబేట్, రాజ్యాంగానికి అర్థం ఎలా తీయాలన్న దాని మీదే పెట్టారు.

రాసినవాళ్ల ఉద్దేశమే చెల్లాలన్నాడు గుంటూరు నుంచి వచ్చిన జూనియర్ వకీలు జ్ఞానశేఖర్. "ఎందుకు రాశారో కనుక్కోకుండా మనకు నచ్చిన అర్థం తీస్తే, అది చట్టం కాదండి, మన ఇష్టం."

మిషన్ స్కూలు టీచర్ మేబెల్ లేచింది. "రేపొచ్చే తక్లీఫులన్నీ వాళ్లు చూసి రాసిన్రా? కాలంతోటి అర్థం సుత ఎదగాలె. లేకుంటే వకీలుగారు కేసుకొకసారి ఢిల్లీ పోయి అడిగొస్తరా ఏంది?"

హాలంతా నవ్వింది. గెలుపు ఆమెదే.

బయట వాన. "మీ గొడుగులో చోటుందాండి?" అన్నాడతను.

"ఇది నా ఒక్కదానికే కొన్నడు నాయన. ఆయన ఉద్దేశం కాదంటమా?"

"అర్థం ఎదగాలన్నది మీరేగా."

నవ్వు ఆపుకోలేక గొడుగు జరిపింది. సీతాఫల్‌మండిలో ఆమె ఇంటి దాకా వాదించుకుంటూనే వెళ్లారు. వానలు వెనకబట్టాక కూడా ఆ నడక ఆగలేదు.

పెళ్లి మాటెత్తితే మాత్రం మేబెల్ తల అడ్డంగా ఊపింది. "అవతలి రాష్ట్రపోళ్లకు పిల్లనియ్యమని మా ఇంట్ల ఒక మాటుంది. పోలీస్ యాక్షన్‌కు ముందు రైళ్లు బందైనయి. బెజవాడకిచ్చిన మా సలోమక్క కాన్పుకు అమ్మ పోలేకపోయింది. బిడ్డ దక్కలే. అప్పటి మాట అది."

"కాలం మారిందని హాల్లో అందరికీ చెప్పారు. ఇంట్లో చెప్పారా?"



ఆదివారం చర్చి అయ్యాక అతను మేబెల్ ఇంటికే వచ్చి అడిగాడు. ఆమె తండ్రి, రైల్వే గార్డు ప్రభుదాస్ కుర్చీ వేసి, మర్యాదగానే చెప్పాడు. "నువ్వు మంచోడివే బాబూ. గని ఇంటి మాట మాటే."

"ఇప్పుడు రైళ్లు నడుస్తున్నయి గద నాయనా," అంది మేబెల్.

"ఇయ్యాల నడుస్తున్నయి. రేపు?"

జ్ఞానశేఖర్ నెమ్మదిగా అడిగాడు. "ఆ మాట మొదట ఎవరన్నారండి?"

ప్రభుదాస్ వంటింటివైపు చూశాడు. మేబెల్ తల్లి మార్తమ్మ చాయ్ కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది. "నేనే అన్న."

"ఎందుకన్నారమ్మా?"

ఆమె కప్పులు కింద పెట్టి కూర్చుంది. "రైలు లేకున్నా నడిచి పోయేటంత దూరంల మా చిన్నది ఉండాలె అనుకున్న. గంతే. పిలగాడు ఏ ఊరోడని కాదు. నువ్వేడ ఉంటవు బిడ్డా?"

"మౌలాలిలోనండి. నా ప్రాక్టీసంతా ఇక్కడే."

"మౌలాలికి నడవొచ్చు," అంది మార్తమ్మ.

"గీ సంగతి నాకెన్నడూ చెప్పలేదేందే?" అన్నాడు ప్రభుదాస్.

"మీరు అడగలే."

తను మాత్రం ఎప్పుడడిగిందని? మేబెల్ తల వంచుకుంది. ప్రభుదాస్ చాయ్ కప్పు తీసి జ్ఞానశేఖర్ చేతికిచ్చాడు.

క్రిస్మస్ దాటాక పెళ్లయింది. మొదటి ఆదివారమే మార్తమ్మ మౌలాలికి వచ్చింది, చెప్పుల నిండా దుమ్ముతో.

"రైలుంది గదమ్మా," అంది మేబెల్, నీళ్లిస్తూ.

"ఉండనీ," అంది మార్తమ్మ. "దారి ఎరుకుండాలె గద."